తాడు కొస

నాకు ఈత రాదు.
మొదటిరోజే ఖాజావలికి చెప్పేశాను.
"ఈతగాళ్లు బెజవాడ నిండా ఉన్నారు,
తాడు వదలనివాడు కావాలి" అన్నాడు
నా చేతులు తిప్పి చూసి.

ఇరవై రెండేళ్లుగా ఏలూరు రోడ్డు వెనకసందులో
పుస్తకాలు కుట్టిన చేతులు.
దారం ఎక్కడ బిగువో ఎక్కడ వదులో
కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో కూడా
చూడకుండానే తెలుస్తుంది వాటికి.

మా దళం అంటే ఏమంత దళం కాదు.
ఒక ఇనుప పడవ, రెండు లారీ ట్యూబులు,
ఆరు నారింజరంగు కోట్లు (ఒకదానికి జిప్పు లేదు),
మరియదాసు టీ ఫ్లాస్కు.
నీళ్లలో మునిగేది నాంచారయ్య ఒక్కడే.
కృష్ణ అడుగున గుంటలన్నీ
మేనత్త ఇంట్లో గదుల్లా తెలుసు అతనికి.

నీళ్ల కింద మాట ఉండదు. తాడే మాట.
ఒక గుంజు: బాగున్నాను.
రెండు: ఇంకా వదులు.
మూడు: పైకి లాగు.
నాలుగు.
నాలుగు గురించి మేం పెద్దగా మాట్లాడుకోం.

ఆ ఆదివారం బ్యారేజీకి దిగువన,
ఇసుక తవ్వి వదిలేసిన చోట,
నలుగురు కుర్రాళ్లు దిగి ముగ్గురు తేలారు.
ముగ్గురూ వణుక్కుంటూ చెప్పులు తొడుక్కున్నారు.
నాలుగో జత దగ్గరికి ఎవరూ పోలేదు.
గట్టుమీద జనం ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు.
ఇసుక పెనంలా కాలుతోంది.

మూడింటికి వాళ్ల నాన్న వచ్చాడు.
నూజివీడు డిపోలో కండక్టరు.
డ్యూటీ మధ్యలో దిగొచ్చేశాడేమో,
భుజాన తోలుసంచీ అలాగే ఉంది, చిల్లర గలగలమంటూ.
ఏడవలేదు. నీళ్ల అంచున ఆగి
"నేనేం చెయ్యాలండీ?" అన్నాడు,
కొత్త ఊళ్లో ఏ బస్సెక్కాలో అడిగినట్టు.

ఇంటివాళ్లని దూరంగా కూర్చోబెట్టాలని మా రూలు.
నా వెనక చుట్టలుగా పడున్న తాడు
కొస వెతికి ఆయన చేతికిచ్చాను.
"గట్టిగా పట్టుకోండి."
నిజానికి ఆ కొసతో పనేమీ లేదు.
ఆయనకీ తెలిసే ఉంటుంది.
అయినా రెండు అరచేతులకీ మెలేసుకుని
మడమలు ఇసుకలో దిగేసి నిలబడ్డాడు.

ఒక గుంజు. ఒక గుంజు. రెండు.
వదిలాను, బారెడు, మరో బారెడు.
మరియదాసు టీ పోసి తెచ్చాడు.
ఎవరి చేతులూ ఖాళీ లేవు.
గ్లాసులు ఇసుకలో గుచ్చి పోయాడు.

ఐదు దాటాక వచ్చాయి,
ఒకదాని వెనక ఒకటి, తొందరేమీ లేకుండా,
నాలుగు.

నా చేతికీ ఆయన చేతికీ మధ్య
ఆరడుగుల తాడు
వదులుగా, వంకరగా, ఇసుకమీద పడుంది.
కబురు నా దగ్గర ఆగింది.
ఆ ఆరడుగుల్లో
ఆ పిల్లాడు ఇంకా దొరకని పిల్లాడే.
ఎంతసేపు అలా ఉంచానో తెలీదు.
పడవలోంచి ఖాజావలి నా మొహం చూసి
చూపు తిప్పుకున్నాడు.

వెనక్కి తిరక్కుండానే అన్నాను
"లాగండి" అని.
లాగాడు.
ఇద్దరి మధ్యా తాడు ఇసుక దులుపుకుని లేచింది.
లాగుతూనే ఉన్నాడు,
నాంచారయ్య తల కనిపించాక కూడా,
నేను చాలన్నాక కూడా.

పోలీసుల కాగితాలు అయ్యేసరికి చీకటి పడింది.
ఎప్పుడు చుట్టాడో మరి,
మోచేతికీ బొటనవేలికీ మధ్య పద్ధతిగా చుట్టి
తాడు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.
"తడిగా ఉందండీ. ఆరెయ్యండి.
లేకపోతే పాడైపోద్ది."

సోమవారం పొద్దున షాపు మెట్ల కమ్మీకి ఆరేశాను.
బండెడు లెక్కల గైడ్లు కుట్టాలి, అరచేతుల నిండా బొబ్బలు.
మెట్లకి అడ్డం, ఎన్నాళ్లుంటుందయ్యా ఇది అని
ఓనరు రెండుసార్లు అడిగాడు.
ఆదివారం దాకా అన్నాను.