ఇరవై ఐదు ఊపులు

ఆ ఏడాది నా ఉద్యోగం మిడతల్ని లెక్కపెట్టడం.
తెల్లగుడ్డ వల, రూళ్ల పుస్తకం,
రోజుకింతని బత్తెం.
గౌతమి మధ్యన లంక.
నడుమెత్తు గడ్డి, దాని మీద రెల్లు,
దాని మీద ఇంకేం లేదు.
ఇరవై ఐదుసార్లు వల ఊపాలి.
మూతి బిగించి, లోపల చిటపటలాడేవాటిని
ఒక్కొక్కటే తీసి గీతలు గీయాలి,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

తొలకరికి వలనిండా
బియ్యపుగింజంత పిల్లలు.
రెక్కలు రావాల్సిన చోట
గుడ్డ కత్తిరించకముందు దర్జీ పెట్టే
సుద్దగుర్తుల్లాంటివి, అంతే.

గడ్డి కోసుకునే నూకరత్నం
మోపు దించి నా పుస్తకంలోకి తొంగిచూసేది.
"ఎన్నండి?"
"నలభై మూడు."
"మరి గెంతేసినయ్యో?"
వాటికి నా దగ్గర గడి లేదు.

ఓ పొద్దున తనే పిలిచి చూపించింది:
పోచకి తలకిందులుగా వేలాడుతూ
ఒకటి తన వీపు తనే చీల్చుకుంటోంది.
ముందు తల. తర్వాత తడికాళ్లు,
పాతకాళ్లలోంచి ఒక్కొక్కటే,
వానకి అతుక్కున్న లాగు విప్పినట్టు.
మేమిద్దరం మాట్లాడలేదు.
అది వెళ్లిపోయాక కూడా
ఖాళీ తొడుగు పోచని వదల్లేదు.
"ఆరుసార్లు ఇడుత్తాదండి. అప్పుడు రెక్కలు."
బడి మొహం చూడలేదు నూకరత్నం.
మా ఆఫీసరు కాగితంలోనూ ఆరనే ఉంది.

దాని చెవులు పొట్టకి అటూ ఇటూ ఉంటాయని
నేను చెబితే చాలాసేపు నవ్వింది.
"ఆకలొక్కటే ఇనపడుద్ది కాబోలు."

మెడ మీద మూడు నల్లగీతలు,
అచ్చం నేను గీసేవాటిలా.
అడ్డగీత మాత్రం లేదు,
లెక్క ఇంకా తేలనట్టు.

శ్రావణంలో ఎర్రనీళ్లొచ్చాయి.
రేడియో రెండో హెచ్చరిక చెప్పేసరికే
గడ్డి మునిగింది.
పడవలో కోళ్లగంప, దూడ, నూకరత్నం,
వల చంకన పెట్టుకుని నేను.
రెల్లుదుబ్బు పక్కగా పోతుంటే కనబడ్డాయి:
ప్రతి కొస మీదా మిడతలు,
ఒకదాని వీపు మీద ఇంకోటి,
బరువుకి కొసలు కంకుల్లా వంగిపోయి.
ఒక్కటీ తినడం లేదు.
కింద నీళ్లు. పైన కొంగలు.

"కాస్త ఆనించు, ఏడుకొండలూ."
గెడ పట్టినవాడు విసుక్కున్నాడు:
"అవతలి గట్టంతా వరిచేలు.
వీటిని దించితే మనల్ని తంతారు."
"మనల్ని దించుకుంటన్నారుగా."

పడవ అంచు రెల్లుకి తగిలింది.
పొయ్యిలో పేలాల్లా దూకాయి,
దూడ వీపు మీదకి, గంప మీదకి,
నూకరత్నం జుట్టులోకి.
విప్పి ఉన్న నా పుస్తకం మీద
తాంబూలం రంగు చుక్క ఉమ్మి
కూర్చుంది ఒకటి.
"లెక్కెట్టండి మరి" అందామె.
నేను వల తీయలేదు.
కోళ్లు కొన్నిటిని తిన్నాయి. అదీ చెప్పాలి.

కార్తీకానికి లంక తేలింది,
మోకాటిలోతు కొత్త ఒండ్రుతో.
గరిక అప్పుడే తల ఎత్తుతోంది.
పలచబడ్డ మిడతల్లో ఒక ఆడది
తోక మట్టిలోకి దించి
కదలకుండా ఉంది,
లోతు తెలీని నూతిలోకి
చేంతాడు వదిలినట్టు.
రెక్కలంచులు అప్పటికే చిరిగున్నాయి.
చేత్తో పట్టుకోవచ్చు. పట్టుకోలేదు.

అది పక్కకి జరిగాక
నూకరత్నం కొడవలి మొనతో తవ్వింది.
బెత్తెడు లోతైనా లేదు.
నురగ గట్టిపడి మూతైన చిన్న సంచి,
లోపల ఏటవాలుగా పేర్చిన పసుపు గింజలు.
చూపించి, మళ్లీ మట్టి కప్పి
అరచేత్తో అదిమింది.

మార్చితో నా ఉద్యోగం అయిపోతుందన్నాను.
"ఇయ్యి జూన్ దాకా లెగవండి" అంది,
మోపు తలకెత్తమని
నా ముందు మోకాళ్లు వంచుతూ.