ఆఖరి బస్సు తొమ్మిదీ పదికి

కెంటకీ నుంచి నెబ్రాస్కాకి రెండు రోజుల దారి.
అద్దె ట్రక్కులో హార్లన్ పక్కన
నేను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది
గాజు సామాను కాదు,
సీలు వేసిన ఒక కవరు.
దాన్ని నేను విప్పకూడదట.
విప్పితే అందులోని నా మార్కులు
నావి కాకుండా పోతాయట.

ఇక్కడ కొండల్లేవు.
చూపు పోతూనే ఉంటుంది, ఎక్కడా ఆనదు.
మొదటి వారం టెస్సా అడిగింది:
"అమ్మా, ఈ ఊళ్ళో సూర్యుడు దేని వెనక్కి పోతాడు?"

అందేంత దూరంలో కాలేజీలు మూడు.
ఒకటి పేరున్నది.
గాజు లైబ్రరీ, ముందు ఫౌంటెన్,
పచ్చికలో నవ్వుతూ పడుకున్న పిల్లలు.
అక్కడికి కారు కావాలి.
ఉన్న ఒక్క కారూ హార్లన్‌తో పాటు
రైలు యార్డుకి రాత్రి డ్యూటీకి పోతుంది.

ఇంకొకటి చవక.
కానీ ఎక్స్‌రే కోర్సు పోయినేడే ఎత్తేశారు.
"వెల్డింగ్ ఉంది, చేరతారా?" అన్నాడు ఫోన్లో కుర్రాడు,
టమాటాలు అయిపోయాయి, గుమ్మడికాయ ఇమ్మంటారా అన్నట్టు.

మూడోది పాత సూపర్ మార్కెట్.
పీకేసిన అక్షరాల మచ్చలు
గోడ మీద ఇంకా చదవొచ్చు.
ఒకప్పుడు మాంసం అమ్మిన మూల
ఇప్పుడు అనాటమీ ల్యాబు.
చూపించిన వాళ్ళెవరూ నవ్వలేదు.
నేనే నవ్వి, దగ్గుగా మార్చుకున్నాను.

కిటికీ అవతల మిసెస్ వోండ్రా
నా కవరు చింపింది, చెక్క పేనా పిడితో, చులాగ్గా.
పదకొండేళ్ళు దాచినదాన్ని.
"అనాటమీ పాతబడింది. ఏడేళ్ళు దాటితే చెల్లదు."
"ఈలోగా మనిషికి కొత్త ఎముకలేమైనా మొలిచాయా?"
ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది.
"లేదు, రెండు వందల ఆరే. పెరిగింది ఫీజొక్కటే."

ఆ ఫీజు కూడా రెండు రకాలు.
ఈ రాష్ట్రం మనిషికి ఒకటి, పైనుంచి వచ్చినవాళ్ళకి దానికి దాదాపు రెట్టింపు.
ఈ రాష్ట్రం మనిషి కావాలంటే ఏడాది పడుతుంది.
ఉన్నట్టు రుజువు కావాలి:
అద్దె కాగితమో, నీళ్ళ బిల్లో, నా పేరు మీద.
ఇంటికొచ్చి డ్రాయరంతా బోర్లించాను.
పదిహేనేళ్ళ కాపురంలో
నా పేర వచ్చినవి ఆసుపత్రి బిల్లులే.

మంగళవారం రాత్రి
టెస్సాని పక్కింటావిడకి అప్పజెప్పి
క్లాసు లేకుండానే కాలేజీకి వెళ్ళాను.
ఎనిమిదిన్నర నుంచీ స్టాపులో నిలబడ్డాను.
గాలి. పశువుల కొట్టాల వాసన.
మాంసం ఫ్యాక్టరీ బూట్లతో ఒక గ్వాటెమాలా కుర్రాడు
ఇంగ్లీషు వాచకంలో ఒకే వాక్యాన్ని
పెదాలతో మళ్ళీ మళ్ళీ తొక్కుతున్నాడు.
తొమ్మిదీ పది. పన్నెండు.
పద్నాలుగుకి దీపాలు కనిపించాయి.

"కొత్తగా చేరారా?" అన్నాడు డ్రైవరు.
"ఇంకా లేదు. బస్సు వస్తుందో రాదో చూద్దామని."
అతను చిల్లర లెక్కపెట్టుకుంటూ అన్నాడు:
"మంచు పడ్డ రోజు మాత్రం మాటివ్వలేను."
మూడు కాలేజీల రంగుల పుస్తకాల్లో
ఎక్కడా దొరకని వాక్యం అది.
బుధవారం పొద్దున్నే ఫారం నింపాను.

నెల తిరిగేసరికి కరెంటు బిల్లు వచ్చింది.
రోవీనా టాకెట్ అనడానికి రోవెన్నా అని కొట్టారు.
ఫోన్ చేసి దిద్దించుకున్నాను, నలభై నిమిషాలు పట్టింది.
ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఇంకా పదకొండు రావాలి.

ఆ రాత్రి టెస్సా నిద్రపోయాక
దాని మణికట్టు పట్టుకుని
ఎముకలు ఒక్కొక్కటే పేరుపెట్టి పిలిచాను.
మొత్తం ఎనిమిది ఉండాలి.
ఏడు పలికాయి.
ఎనిమిదోది ఎంత తడిమినా నోటికి రాలేదు.
సరే,
మిసెస్ వోండ్రా చెప్పిందీ కొంత నిజమే.