అటక

ఆదోని మార్కెట్ యార్డు వెనక సందులో
బసవలింగప్ప కమీషన్ మండీ.
పత్తి ధూళి కీబోర్డు సందుల్లోకి దిగి
ఏ మీట నొక్కినా పరుపు నొక్కినట్టుండేది.

ఆ దీపావళికి కొత్త మిషన్ వచ్చింది.
ఎనిమిది మెగాబైట్లు.
పాత లెక్కల ప్రోగ్రాం దాంట్లో వేస్తే
ఒకటే మాట: మెమరీ చాలదు.

"ఏం పాపా, పాతదాంట్లో ఒక మెగాబైటుకే పరిగెత్తినాది,
ఇంత పెద్దదాంట్లో జాగా లేదంటాదేంది?
గోడౌనంతా ఖాళీ పెట్టుకొని
వాకిట్లో కూచోను చోటు లేదన్నట్టు!"

తెలీకుండానే సరిగ్గా చెప్పినాడాయన.
ఆ కాలం ప్రోగ్రాములకి వాకిలే ఇల్లు.
ఆరునూర్ల నలభై కేబీ. అంతే కొలత.
పైన ఎన్ని మిద్దెలు లేపినా
మెట్లెక్కడం వాటికి రాదు.

వాకిట్లో ఎవరెవరు కూచున్నారో చూసినాను.
డాస్, నడిమధ్య కాళ్లు చాపుకొని.
మౌస్ డ్రైవరు
(మండీలో మౌస్ ముట్టేవాడు ఒక్కడూ లేడు, అయినా).
తెలుగు అక్షరాలు చూపించేది ఒకటి,
ఇరవై తొమ్మిది కేబీ,
గుమాస్తా హంపన్న పట్టుబట్టి పెట్టించుకున్నది.
పని అయినా లేచి పోయే రకం కాదు వీళ్లు.
టీ తాగి, గ్లాసు కింద పెట్టి,
మళ్లీ ఎవరన్నా పిలుస్తారేమోనని
అక్కడే.

ప్రోగ్రాం అడిగేది ఐదునూర్ల ఎనభై.
మిగిలింది ఐదునూర్ల పన్నెండు.

మూడు రోజులు.
కాన్ఫిగ్ ఫైల్లో ఒక వరస మార్చడం,
మిషన్ ఆపి మళ్లీ వేయడం,
అది గొణుక్కుంటూ లేచేదాకా
ఉగ్గాని తింటూ కూచోవడం.

ఆరునూర్ల నలభైకి పైన, మెగాబైటుకి కింద
ఒక అటక ఉంటుంది.
అక్కడక్కడా దూలాలు అడ్డం,
నడుమ నడుమ ఖాళీ.
డాస్‌ని ఎట్లనో మిద్దెకి తోసినాను.
మౌస్‌ని అటకెక్కించినాను.
తెలుగును కూడా ఎక్కమన్నాను.
అది సరేనన్నట్టే అని
చప్పుడు లేకుండా కిందనే కూచుంది.

ఐదునూర్ల డెబ్భై రెండు.
ఇంకా ఎనిమిది తక్కువ.

"హంపన్నా, తెలుగు తీసేద్దామా?"
అద్దాలు తీసి పంచె కొసతో తుడిచినాడు.
"గొల్ల ఈరన్న, గోళ్ల ఈరన్న.
ఇంగ్లీషులో కొడితే ఇద్దరూ ఒకడే పాపా.
ఒకని పత్తి ఇంకొకని ఖాతాలో పడితే
వచ్చి గొంతు పట్టుకునేది నిన్ను కాదు, నన్ను."

బయట లారీకి లోడు.
ఉరుకుందప్ప కొత్త హమాలీ పిల్లోళ్ల మీద ఎగురుతున్నాడు:
"చిన్నవి ముందేసి మూల చెడగొట్టద్దురా!
పెద్ద బేలు ముందు.
చిన్నవి యాడన్నా దూర్తాయి!"

నోట్లోని బజ్జీ నోట్లోనే.

రెండు వరసలు. పైది కిందికి, కిందిది పైకి.
తెలుగు ముందు, మౌస్ తర్వాత.
అంతే మార్చింది.
పెద్ద ఖాళీలో ఎలుక పడుకొని ఉంటే
అక్షరాలు ఎట్లా పడతాయి?

ఆరునూర్ల ఒకటి.

నీలం తెర మీద ఈరన్నలిద్దరూ లేచినారు,
ఎవని సున్నా వానికి, ఎవని దీర్ఘం వానికి.
హంపన్న ఇద్దరి బాకీలూ చూడకుండానే చెప్పి
తర్వాత తెర వైపు చూసినాడు,
అది తప్పు చెప్తుందేమోనని.

బసవలింగప్ప నూటయాభై ఇచ్చినాడు.
యాభై ఉరుకుందప్ప చేతిలో పెడితే
"నేనేం చేసినానమ్మా?" అన్నాడు.
చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక,
బొగ్గుముక్క తీసుకొని
గోడౌను గోడ మీద, బేళ్ల లెక్కల పక్కన
601 అని రాసినాను.

అది ఏ లారీ లెక్కో ఎవరికీ తేలలేదు.
రెండు ఉగాదులకి సున్నం కొట్టించినారు,
రెండుసార్లూ ఉరుకుందప్ప
జానెడు గోడ వదిలేసినాడంట.