తప్పు బెర్తు

పాత పోస్టాఫీసు వెనక మా డాబా మీద
తెల్లచీర ఆరేస్తే
సాయంత్రానికి ఇనుప ఖనిజం రంగు.
ఆ ధూళిని ఎవరూ పిలవలేదు.
పెరుగు గిన్నెలో ఉంటుంది, దిండు గలేబులో,
తాళంకప్ప చెవిలో.

డాక్టర్ సుభాషిణి స్కాన్ కాగితం వెనక్కి తిప్పి
బాల్‌పెన్నుతో బొమ్మ గీస్తుంటే
నాకు ఆ డాబాయే కనబడింది.
గర్భసంచి లోపలుండాల్సిన పొరలాంటిదే
అండాశయం మీదా పేగు మడతలోనూ దిగి
అక్కడే కాపురం పెట్టిందట.
నెలనెలా అదీ నెత్తురోడుతుందట,
బయటికి దారి లేక.

నేను పోర్టులో టాలీ గుమస్తాని.
సరుకు తప్పు బెర్తులో దిగితే ఏమవుతుందో
నాకొకరు చెప్పక్కర్లేదు.

"ఈస్ట్రోజెన్ దాని మేత" అందావిడ.
"బయటి మేత చాలనట్టు
దొంగసారా బట్టీలా తనక్కావలసింది తనే కాచుకుంటుంది.
ప్రొజెస్టరాన్ వచ్చి ఇక చాలంటే
సరిగ్గా వినిపించుకోదు."

పదమూడేళ్లు
ఆడపుటకంటే అంతేలే అన్నారు అందరూ.
ఇవాళ దానికో పేరుంది.
ఎండోమెట్రియోసిస్.
సింధియా దాకా బస్సులో
పెదాలు కదుపుతూ నేర్చుకున్నాను.

మాత్ర మొదలెట్టాక
నొప్పి తగ్గింది.
నేనూ తగ్గాను.
చందువా పులుసు వండి లోవరాజు
"ఉప్పు సరిపోయిందా" అనడిగితే
అరగంట ఏడ్చాను.
ఉప్పు సరిపోయింది.

అమ్మ ఫోన్లో, "ఏటైపోనావే, గాలి గానీ సోకిందేటి?"
గాలి కాదమ్మా.
ఆవగింజలో వెయ్యోవంతు లేని మందు
తలలో ఒత్తి తగ్గించేస్తోంది.

మరి అంతకుముందు
నెలకి పదేసి రోజులు భగ్గున మండిన కోపమో?
పెళ్లైన కొత్తలో గోడకేసి కొట్టిన స్టీలు క్యారేజీకి
సొట్ట ఇంకా అలాగే ఉంది.
ఆ సొట్ట ఎవరి ఖాతాలో రాయను?
నాదా, హార్మోనుదా,
పదమూడేళ్లు పళ్ల బిగువున దాచిన నొప్పిదా?

"మనసు సంగతీ చెప్పాలి, మింగకూడదు" అని
డాక్టరమ్మ మాత్ర మార్చింది.
అప్పట్నించి పాత టాలీ పుస్తకంలో గీతలు కొట్టి రాస్తున్నా:
తేదీ. నొప్పి. నిద్ర. ఏడుపు.
కొన్ని గళ్లు ఖాళీ. బద్ధకం వల్ల కాదు,
ఏం రాయాలో తెలీక.

నిన్న ఓడ ఆలస్యం.
క్యాంటీన్‌లో నూకరత్నం నా భుజం మీంచి వంగి
ఆ పేజీ మొత్తం చదివింది.
నవ్వుతుందనుకున్నా.
టీ చల్లారేదాకా ఏమీ అనలేదు.
తర్వాత
పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని,
"ఆ పొడుగు పేరు ఇంకోపాలి చెప్పవే" అంది.

అప్పుడే ఓడ కూత.
రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.