అక్షరానికి పది రూపాయలు

పులియంతోపు గోడలకి తెలుగు నేను రాస్తాను.
తమిళం మా బావమరిది ఏకాంబరం.
ఏ జెండా అయినా సరే అక్షరానికి పది,
రంగు వాళ్ళది, చెయ్యి మనది.
ఒత్తులకి వేరే అడగను,
అది మా నాన్న పెట్టిన మర్యాద.

ఆ ఏడు వార్డుకి చెంగమ్మ నిలబడింది.
చీపురు పట్టిన చెయ్యి, యూనియన్ గొంతు.
ప్రచారం నడపడానికి అడయారు నుంచి ఒక కుర్రాడొచ్చాడు, ఆదవన్,
ఒళ్ళో కంప్యూటరు, చెవిలో ఎప్పుడూ ఎవరో.
ఎవరిచేతో రాయించి తెచ్చాడు:
'సమగ్ర ప్రగతికి, సుపరిపాలనకు,
సంక్షేమ రాజ్యానికి నాంది పలికే నాయకురాలు.'
వేళ్ళమీద లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి.
గోడకి మూడొందల పది.
అంత మంచి వాక్యం నా జన్మలో చదవలేదు.

మూడు గోడలయ్యాక చెంగమ్మ వచ్చింది.
నిచ్చెన కింద నిలబడి కూడబలుక్కుని చదివింది.
రెండో వరసలో ఆవులించింది.
తన పొగడ్త మీద తనే ఆవులించింది.
"పద, గురవమ్మకి చదివి వినిపిద్దాం."

హౌసింగ్ బోర్డు, మూడో అంతస్తు.
మెట్లన్నీ ఒలికిన నీళ్ళు, కాలు జారే పాచి.
నేను చదువుతున్నాను, గురవమ్మ వినడం లేదు,
చంకలో బిందె దించుకుంటోంది.
నడుం పట్టుకుని అంది:
"పెళ్ళయి వచ్చినకాడి నుంచి నేనే ఎక్కుతున్నా.
ఈ నీళ్ళెప్పుడు మెట్లెక్కుతాయే చెంగా?"

చెంగమ్మ హామీ ఇవ్వలేదు.
రెండో బిందె తీసుకుని దిగింది, నింపింది, ఎక్కింది.
పైకొచ్చి రొప్పుతూ "యాభై నాలుగు" అంది.
అవి ఓట్లు కావు, మెట్లు.
తరవాత నావైపు తిరిగి,
"రాయి. నీళ్ళు మెట్లెక్కాలి."

"అంతేనా? ఎవరు ఎక్కిస్తారో చెప్పొద్దా?
కింద మీ పేరైనా..." అన్నాడు ఆదవన్.
"మాట గురవమ్మది. కింద నా పేరు పెడితే
బిందె ఎత్తుకుపోయినట్టే."

నేను మాత్రం లెక్కపెట్టాను. ఆరు.
ఒక ముసలమ్మ నడుంనొప్పి
నాకు గోడకి రెండొందల యాభై నష్టం.

వారం తిరగలేదు.
పిల్లలు మెట్టుకో ముక్క అరుస్తూ ఎక్కారు,
నీళ్ళు అని ఒక మెట్టు, మెట్లెక్కాలి అని ఇంకోటి.
పాల ప్యాకెట్ల మనిషి అదే మాట గొణిగాడు.
అవతలి పార్టీ వాడు ఓట్లడగడానికి ఎక్కుతూ
మూడో అంతస్తులో ఆయాసపడి
నోరు జారి తనూ అనేశాడు.

తెల్లారి వాళ్ళ ఫ్లెక్స్ లేచింది, ఇరవై అడుగులు,
చేతులు జోడించిన మొహం, పక్కన మన ఆరక్షరాలు.
మా కుర్రాళ్ళు బ్లేళ్ళు తీశారు.
"ఉండనీండి," అంది చెంగమ్మ,
"ఎవరు గెలిచినా బిందె వాళ్ళ నెత్తినే."

నూట పదమూడు ఓట్లు. గెలిచింది.
గెలిచాక గోడలకి సున్నం కొట్టడం ఆనవాయితీ.
బకెట్ పట్టుకుపోతే వద్దంది.

రెండు వానాకాలాలు పెచ్చులూడదీశాయి.
'నీళ్ళు' ముందు రాలిపోయింది,
'మెట్లెక్కాలి' మిగిలింది.
గురవమ్మ దాన్ని చూసి పగలబడి నవ్వింది.
ఆ సాయంత్రమే చెంగమ్మ కబురు పెట్టింది,
తన ఆఫీసు గుమ్మానికి ఎదురు గోడ మీద,
కూర్చున్న చోటికి కనపడేలా, ఎర్రగా రాయమని.
"ఇప్పుడెవరూ అడగడం లేదు కదమ్మా," అన్నాను.
"అందుకే."

ఆదవన్ మొన్న ఫోన్ చేశాడు.
ఏదో కంపెనీలో పెద్ద పెద్ద వాళ్ళకి పాఠం చెబుతాడట,
ఆ మాట ఎలా పుట్టిందో కాస్త గుర్తు చెయ్యమన్నాడు.
ముందు వాళ్ళ చేతికి తలా ఒక బిందె ఇవ్వమన్నాను.
జోకనుకుని నవ్వాడు.

పోయిన నెల మోటారు బిగించారు.
రెండో అంతస్తు దాకా ఎక్కాయి.
గురవమ్మది మూడోది.

నిన్న ఆ గోడ మళ్ళీ రాశాను.
చెంగమ్మ వంద నోటిచ్చింది, నా దగ్గర చిల్లర లేదు.
"నలభై జమ వేసుకో, వచ్చేసారికి," అంది,
నా మొహం చూడకుండా.

ఇంకా పద్దెనిమిది మెట్లున్నాయి.