పదకొండంగుళాలు

ట్యాంక్ బ్యాగుకి ముందు కొలత తీశాను,
కింది పోర్షన్ సుగుణమ్మ కుట్టుమిషన్ మీది టేపు అడిగి తెచ్చి.
పొడవు పన్నెండు, వెడల్పు తొమ్మిది.
అది దాటితే జిప్పు పడదు.
జేబుకి టేపు అక్కర్లేదు:
పద్దెనిమిది వేలు,
అందులో నాలుగు వెనక టైరువి.

పాతది మన్ననూరు ఘాట్‌లో పోయింది.
కింద పడలేదు, తడవలేదు.
మూడేళ్లు బుల్లెట్ వణుకు తాగీ తాగీ
లోపల ఏదో చిన్న పలక
ఇక నావల్ల కాదంది.
తొంభై ఆరు బోర్ల లోతులు దానితోపాటే పోయాయి.
ఒకసారి భూమిలోంచి, ఒకసారి నా సంచిలోంచి,
ఆ ఊళ్ల నీళ్లు రెండుసార్లు ఇంకిపోయాయి.
ఆఫీసువాళ్లు బోరుకి నలభై చొప్పున కోశారు.

అందుకే ఈ శనివారం
సికింద్రాబాదు సీటీసీ మెట్ల మీద నేను.

మొదటి కొట్లో
సైన్యం వాడేదట, ఇనప్పెట్టె లాంటిది చూపించాడు.
ట్యాంకరు ఎక్కినా ఏం కాదన్నాడు.
ధర విన్నాక నాకే ఏదో ఎక్కినట్టయింది.
రెండో కొట్లో వెండిరంగు అప్పడం.
వేలితో మూత కొంచెం నొక్కాను,
కిర్రుమంది.
"మేడమ్, అట్ల వత్తొద్దు!"
నేను వత్తకపోయినా శ్రీశైలం రోడ్డు వత్తుతుంది తమ్ముడూ.

మెట్ల కింద కొట్టు ముజమ్మిల్ భాయ్‌ది.
స్టూలు ఒకటే, దానిమీద ఆయన.
బడ్జెట్ అడగలేదు, కంపెనీ అడగలేదు.
"బండి ఏంది?" అన్నాడు.
చెప్పాను.
కళ్లద్దాలు నుదుటికి ఎక్కించి కాసేపు నవ్వాడు.
"గయితే లోపల తిరిగేదేదీ ఉండొద్దు.
డిస్కు తిరగొద్దు, ఫ్యాను తిరగొద్దు.
తిరిగుడు నువ్వు తిరుగుతున్నవు గదా, చాలు."

అటకమీంచి ఒక బూడిదరంగు ఇటుక దించాడు.
చుట్టూ రబ్బరు అంచు, చెప్పు అట్టలా.
ఏదో స్కూలు మూతపడితే
లాటుగా నలభై వచ్చాయట, ఇది ఆఖరుది.
నేను చెయ్యి చాచేలోపు
కౌంటరు మీంచి తోసేశాడు.
ముందు నా గుండె పడింది, తర్వాత అది.
తీసి దుమ్ము దులిపి మీట నొక్కితే
నింపాదిగా వెలిగింది,
క్లాసులో చివరి బెంచీ పిల్లాడు లేచి నిలబడ్డట్టు.

అప్పుడర్థమైంది.
సైన్యాన్ని తట్టుకునేది నాకెందుకు,
ఏడో తరగతిని తట్టుకుంది చాలదూ?
బల్లల మీంచి పడింది,
దానిమీద ఎవరో కూర్చున్నారు,
ఒక మీద అంచు ఎవరో కొరికారు కూడా,
'ళ' కావాలంటే గట్టిగా నొక్కాలి.

లోపాలు ఆయనే చెప్పాడు.
ఎండలో తెర కనిపించదు, చున్నీ కప్పుకో.
పెద్ద లెక్కల పట్టిక తెరవడానికి
ఒక ఛాయ్ పడుతుంది.
బండి సాకెట్ నుంచే ఛార్జవుతుంది గానీ
ఇంజను ఆపి పెట్టకు, బ్యాటరీ కూచుంటది.
పదమూడన్నాడు. పదకొండన్నాను.
పదకొండున్నరకి తీగతో సహా
ఇరానీ ఛాయ్ ఆయనే పోయించాడు.

వస్తూ వస్తూ పరీక్ష పెట్టాను.
మెట్టుగూడ గుంతలు, తార్నాక తవ్వకాలు,
నాచారం మలుపులో మాన్‌హోలు మూత,
ఒక్కటీ తప్పించలేదు.

ఇంటికొచ్చి వెలుతుర్లో చూస్తే
మూత మీద కంపాసు ములుకుతో చెక్కిన అక్షరాలు:
'హవీష్ దొంగ'.
ఇసుక కాగితం తీశాను,
మళ్లీ పెట్టేశాను.
ఊరూరా నేను దీన్ని తెరిచినప్పుడల్లా
ఎదురుగా కూర్చున్న రైతుకి కనిపించేది అదే.
బోరెంత లోతు అంటే
సగం మంది సగమే చెప్తారు.
ఇక ముందు ఇది చదివి నవ్వుతారో,
లోతు సరిచేసి చెప్తారో చూడాలి.

వాచ్‌మన్ కనకయ్యని పిలిచి
మొదటి వరస మా అపార్ట్‌మెంటుతోనే మొదలెట్టాను.
లోతు: పదకొండు వందల అడుగులు.
నీళ్లు: లేవు.
'నీళ్లు'లో 'ళ'కి
రెండుసార్లు నొక్కాల్సొచ్చింది.