ఎఫ్ ఐదు

పాలకొల్లు లాకుల పక్క సందులో నా కొట్టు.
ఏసుపాదం లాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టాడు.
మీటల సందుల్లో పురుగుల రెక్కలు, ఉప్పు, రొయ్యల మేత నుసి.

"రాత్రిళ్లు చెరువుగట్టున లెక్క రాస్తుంటే
తెర వెలుగుకి పురుగులన్నీ మొహమ్మీదే అన్నా,
తగ్గించే మీట నొక్కీ నొక్కీ వేలు అరిగింది."

మీట బాగానే ఉంది.
నొక్కిన ప్రతిసారీ లోపల ఓ అంకె పుడుతోంది,
అందుకునేవాడే లేడు.

మా నాన్న లాకు లస్కరు.
పైనుంచి కబురొస్తే చాలదురా,
చదివి చక్రం తిప్పే చెయ్యుండాలి, అనేవాడు.
ఎవడో విండోస్ కొత్తగా ఎక్కిస్తూ
ఆ చేతినే తుడిచేశాడు.

మొదట దించిన డ్రైవరు వేరే మోడల్‌ది.
వెలుగు తగ్గమంటే గొంతు పెంచింది.
ఏసుపాదం నవ్వాడు, నేను నవ్వలేదు.
అడుగున అరిగిన నంబరు మీద
సుద్ద రుద్ది చదివాను.

మళ్లీ ఎఫ్ ఐదు.
తెర
ఆటుకి నీరు తీసినట్టు
మెట్టు మెట్టుగా దిగింది.

రాత్రి పదకొండుకి ఫోను, వెనక ఏరియేటర్ల హోరు.
"పురుగులు పోయాయన్నా.
టార్చి వేస్తే రొయ్యల కళ్లు కనబడుతున్నాయి, ఎర్రగా."

ఎఫ్ ఆరు నొక్కి చూడమనలేదు నేను.
అదింకా నాకు లొంగలేదు.